గడ్డి పద్దు

నారిన్ జిల్లా ఆరోగ్య శాఖలో
ఇరవై రెండేళ్ళుగా నేను లెక్కల గుమాస్తాని.
కొండ మీది వైద్యశాలలన్నీ నాకు కాగితాలుగానే తెలుసు:
ఊరికో వరస, వరసకి పదకొండు గడులు.

నిరుటి చలికాలం కోక్-జిల్గా నుంచి వచ్చిన చిట్టాలో
వాహన ఇంధనం అన్న గడిలో
"గడ్డి, నూట నలభై లీటర్లు" అని ఉంది.

నవ్వాను. పక్క బల్లకి చూపించాను, వాళ్ళూ నవ్వారు.
ఈ ఆఫీసులో గడ్డి తిన్నవాళ్ళని బోలెడుమందిని చూశాను గానీ
గడ్డి కావాలని సంతకం పెట్టి మరీ అడిగిన మనిషిని
అదే చూడటం.
ఎర్ర సిరాతో సున్నా చుట్టి తిప్పి పంపాను.

ఆమె పేరు బురుల్కాన్. ఉద్యోగం ఫెల్షర్.
డాక్టరు కాదు, మంత్రసాని కాదు,
ఆ ఇద్దరూ రాని చోట ఆ ఇద్దరూ ఆమే.
జవాబు రాసింది:
"అయ్యా, మీరిచ్చిన జీపు నాలుగేళ్ళ కిందట వాగు దగ్గర ఆగిపోయింది.
ఇప్పుడు అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.
నేను గుర్రం మీద తిరుగుతున్నాను.
మీ గడిలో లీటర్లు తప్ప ఇంకేమీ పట్టవు.
ఆ మాట గుర్రానికి చెప్పి చూశాను."

తనిఖీకని మార్చిలో వెళ్ళాను.
ఒక గది, ఒక పొయ్యి, సగం బస్తా బొగ్గు.
మూడొందల పదిహేడు మంది జనాభా అని నేనే ఎన్నిసార్లో రాసిన అంకె
పాత క్యాలెండర్ల వెనక పేజీల మీద
ఆమె చేతిరాతలో ఉంది.
సాతార్కుల్: చక్కెర జబ్బు. తేనె మానడు. మానేశానని ఒట్టేస్తాడు.
ఐనాగుల్: ఏడో నెల. కాళ్ళ వాపు. మొగుడికి చెప్పాలి, గట్టిగా.

ఇన్సులిన్ సీసాలు చొక్కా లోపల
ఒంటికి ఆనించి పెట్టుకుని బయల్దేరింది, గడ్డకట్టకుండా.
"మీ ఫ్రిజ్ పద్దు నా దగ్గర ఇలా ఖర్చవుతుంది" అంది.
గొర్రెల మకాం దాకా రెండు గంటలు.
నేను వెనక గుర్రం మీద,
ప్రయాణ భత్యం ఎంతొస్తుందో లెక్కేసుకుంటూ,
సగం దారిలో అంకె మర్చిపోయాను.

ఆమె వెంట ఒక పిల్ల తిరుగుతోంది, నూర్జాదా.
ఊళ్ళో ఇంటికో గొర్రె అమ్మి చదివిస్తున్నారు.
చదువయ్యాక మూడేళ్ళు ఇక్కడే చెయ్యాలని ఒప్పందం.
తిరుగుదారిలో నా పక్కకొచ్చి అడిగింది,
"అన్నా, జీతం ఎంతిస్తారు?"
ఆ అంకె నాకు నిద్రలో లేపినా తెలుసు.
చెప్పాను.
నారిన్ బజార్లో ఫోన్లమ్మే కుర్రాడి జీతంలో అది సగం,
ఆ సంగతీ తనకి తెలుసు.
కళ్ళెం సర్దుకుంది. ముందుకెళ్ళిపోయింది.

బిష్కెక్‌కి నోట్ పంపాను:
ఇంధనం గడి పక్కన మేత గడి ఒకటి కావాలి,
బొగ్గు జనవరిలో కాదు, సెప్టెంబర్లో కావాలి,
ఒక్క మనిషి సెలవు పెడితే మూసుకుపోయే ఆసుపత్రికి
రెండో మనిషి కావాలి, బతకగలిగే జీతంతో.
ఏడు నెలలకి సమాధానం, ఒక్క ముక్క:
పరిశీలనలో ఉంది.

గుర్రం పరిశీలనలో ఉండదు. మేస్తుంది.
అందుకని ఈ ఏడు చిట్టా నేనే నింపాను.
డీజిలు లీటరుకి గడ్డి ఇన్ని కిలోలని
నాకు నేనే ఒక సూత్రం కట్టుకుని,
ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొట్టమొదటి కాకిలెక్క
ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.
ఆడిటర్ వస్తే రానీ,
కొండెక్కించి గుర్రాన్నే చూపిస్తాను.
కోళ్ళనీ.

రెండో ఉద్యోగి అన్న గడి
నేను చేరినప్పటి నుంచీ ఖాళీ.
అందులో నూర్జాదా పేరు రాశాను.
పెన్సిల్‌తో.
ఆ పిల్ల ఇంకా ఏమీ అనలేదు.